గువ్వ మాట్లాడిన ట్యాబ్

వీధిలో అందరికీ ఆమె జిప్పులక్క. బ్యాగుల కొట్టు పక్కన, మేడమెట్ల కింద ఉన్న కాస్త జాగాలో కుట్టుమిషను వేసుకుని, తెగిన జిప్పులూ పళ్ళూడిన జిప్పులూ బాగుచేస్తుంది. ప్రయాణాల పెట్టెలు, బడి సంచులు, చలికోట్లు, ఏది తెచ్చినా కాదనదు. ఓసారి ఓ పెద్దమనిషి వేసుకున్న ప్యాంటుతోనే వచ్చి, జిప్పు ఇరుక్కుపోయిందని చెప్పలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఓ మైనం ముక్క అతని చేతికిచ్చి, "ఆ తలుపు వెనక్కెళ్ళి రుద్దుకోండి బాబూ. నేను చూడను, నా మిషనూ చూడదు" అంది. ఆ మాటకి ముందుగా నవ్వింది మిషను పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న ఆమె కూతురు.

కూతుర్ని గువ్వ అని పిలిచేవాళ్ళు. పుట్టేటప్పుడు ఊపిరి ఆలస్యంగా అందడంతో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి. మాట రాలేదు. చెయ్యి ఓవైపు వెయ్యాలనుకుంటే ఇంకోవైపు పోయేది. కళ్ళు మాత్రం ఎవరు ఎటు కదిలినా వెంటపడేవి. వచ్చినవాళ్ళు ఆ పిల్లని చూసి, అది వినదన్నట్టు, "పాపం, దీనికి ఏమైనా తెలుస్తుందా?" అని తల్లినే అడిగేవాళ్ళు. "మీకంటే ఎక్కువే తెలుస్తుంది" అనేది జిప్పులక్క, నోట్లో గుండుసూదులతోనే.

తెలుస్తుందని ఆమెకి నమ్మకం. ఏం తెలుసో మాత్రం ఆమెకీ తెలీదు. ఏడిస్తే ఆకలనుకునేది, ఇంకా ఏడిస్తే నిద్రనుకునేది. అలా ఊహల మీదే పిల్లని పెంచుకొచ్చింది.

గువ్వకి పదమూడో ఏడు నడుస్తుండగా మాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ పరిచయమైంది. తెగిన బ్యాగు పట్టుకొచ్చి, బ్యాగు సంగతి మర్చిపోయి, పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. తర్వాత వారం ఓ ట్యాబ్ తెచ్చింది. తెర నిండా గళ్ళు, గడికో బొమ్మ. బొమ్మని తాకితే ట్యాబ్ ఆ మాట పలుకుతుంది. వేలు నిలవని గువ్వకి పిడికిలి వెనక కణుపుతో తాకడం నేర్పింది. నేర్చుకోవడానికి నెలలు పట్టింది. తాకబోయి జారిపోయేది, ఒకటి తాకబోతే ఇంకోటి పలికేది, చెమటలు పట్టేవి. తల్లి ఎదురుగా కూర్చుని "అమ్మ బొమ్మ ఇదిగో, అమ్మ ఇదిగో" అని వేలుపెట్టి చూపించేది. మొదటి మాట అదే కావాలని ఆమె ఆశ.

ఒకరోజు జావ కలిపి చెంచాతో నోటి దగ్గర పెట్టింది. గువ్వ మొహం తిప్పేసుకుని, చెయ్యి విదిలించి, కణుపు ఆనించింది. ట్యాబ్ పలికింది: "వద్దు."

పొరపాటున తగిలిందేమో అనుకుంది తల్లి. మళ్ళీ చెంచా పెట్టింది. "వద్దు. వద్దు. వద్దు."

జిప్పులక్క ఆ గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది. పిల్లకి పళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే అదే జావ పోస్తోంది, ఒంటికి మంచిదని. ఇన్నేళ్ళూ ఇష్టంలేనిది మింగిందా ఈ పిల్ల! మర్నాటినుంచి జావ మానేసింది. సాయంత్రం టీచరమ్మకి ఫోన్ చేసి, "మా అమ్మాయి నన్ను తిట్టిందండీ" అని చెప్పి, నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆ తర్వాత గువ్వ నోటికి అడ్డులేకపోయింది. మెట్ల కింద కూర్చుని ఇంటి గోలంతా చెప్పుకునే ఎదురింటావిడని మాట మధ్యలో ఆపి "చాలు" అనేది. తండ్రి బ్రెడ్డు వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే లేవాల్సిన మనిషి కాబట్టి మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చేవాడు. గువ్వ టీచరమ్మని పోరి, గురకకి ఒక గడి పెట్టించుకుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు పలికే మాట "నాన్న గురక." ఆయన కోపం నటించి చెయ్యెత్తేవాడు. అది కేరింతలు కొట్టేది. మనిషి మితభాషి. భార్యతో మాట్లాడినా లెక్కపెట్టినట్టు మాట్లాడతాడు. కూతురుతో మాత్రం ఆ ట్యాబ్ మధ్యలో పెట్టుకుని గంటలు గంటలు గొడవపడేవాడు.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఏడో ఏడు చలికాలంలో గువ్వకి జలుబు చేసి, ఊపిరితిత్తుల్లోకి దిగింది.

ఆస్పత్రిలో లోపలి వార్డుకి మార్చారు. అద్దాల తలుపు దగ్గర నర్సు ట్యాబ్‌ని అడ్డగించింది. "ఇవేవీ లోపలికి రావమ్మా. క్రిములుంటాయి."

"అది ఫోన్ కాదమ్మా, మా అమ్మాయి మాట్లాడేది దానితోనే."

"ఇప్పుడు మాట్లాడక్కర్లేదు, ముక్కుకీ నోటికీ మాస్కు ఉంటుంది. కాస్త తగ్గనివ్వండి."

నర్సు చెడ్డమనిషేం కాదు. చేతినిండా పని, కళ్ళనిండా నిద్ర. జిప్పులక్క డాక్టర్ని అడిగింది, ఆయన చూద్దామన్నాడు. ఇంకొకర్ని అడిగింది, ఆయన పెద్ద డాక్టరు రావాలన్నాడు. మాస్కు పెట్టింది మొహానికి గానీ చేతికి కాదు కదా అని ఆమెకి చెప్పాలని ఉంది, ఎవరికి చెప్పాలో తెలీలేదు. లోపల పిల్ల, బయట బెంచీ మీద తల్లి, తల్లి ఒళ్ళో సంచీ, ఆ సంచీలో పిల్ల మాటలు. రోజుకొక్కసారి ఒక్కళ్ళని లోపలికి పంపేవాళ్ళు. చివరిరోజు వెళ్ళింది తండ్రి.

గువ్వ పోయింది.

అన్నీ అయ్యాక ఇంటికొచ్చి, జిప్పులక్క సంచీలోంచి ట్యాబ్ తీసి, రోజూ పెట్టినట్టే కిటికీ పక్క అరలో ఛార్జింగు పెట్టింది. మూలన చిన్న దీపం వెలిగింది. అంతే, మళ్ళీ దాన్ని తియ్యలేదు. తుడిచేది, దుమ్ము దులిపేది, వైరు సర్దేది. తీసి చూసేది కాదు. తెరిస్తే ఏమవుతుందో ఆమెకే భయం. వైరు తీస్తే అది ఆరిపోతుందనీ భయం. భర్త ఆ అర ఉన్నవైపుకే చూసేవాడు కాదు. అన్నం తినేటప్పుడు కూడా అటు వీపు పెట్టి కూర్చునేవాడు. గువ్వ పేరెత్తితే లేచి వెళ్ళి వ్యాను కడిగేవాడు. వీధిలో అంత మెరిసే వ్యాను ఇంకోటి లేదు.

ఏడాది తిరిగాక ఒక ఉదయం తుడుస్తూ ఉంటే, ట్యాబ్ చదునుగా ఆనకుండా అరమీద ఊగింది. ఎత్తి చూసింది. వీపు ఉబ్బి ఉంది, పంటినొప్పికి బుగ్గ పొంగినట్టు. ఒకవైపు అద్దం చట్రంలోంచి లేచి, సందులోంచి లోపలి జిగురు తీగలు కనబడుతున్నాయి.

భర్తని పిలిచింది. ఆయన దూరంనుంచే చూశాడు. "బ్యాటరీ ఉబ్బింది. పేలుతుంది. వైరు తీసెయ్."

"తీస్తే ఆగిపోతుందేమో."

"ఆగిపోనీ. ఇల్లు తగలబడ్డాక ఏడుస్తావా? అవతల పారెయ్ దాన్ని."

వైరు ఆయనే పీకాడు. ట్యాబ్‌ని సామానేదీ లేని వెనక వసారాలో, రాతిబండ మీద పెట్టి, ఆమె పనికి వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి బండ మీద ట్యాబ్ లేదు.

ఆమె చెప్పులు విడవకుండానే వీధిలోకి పరిగెత్తింది. వీధి చివర చెత్తకుండీ దగ్గర భర్త నిలబడి ఉన్నాడు, ట్యాబ్ రెండు చేతుల్లో పళ్ళెంలా పట్టుకుని. ఎదురుగా చెత్తబండి నడిపే ఆవిడ చీపురు అడ్డంపెట్టి నిలబడింది.

"నేను తీసుకోను గాక తీసుకోను. మొన్న ఇలాంటిదే ఎవరో మూటలో పడేస్తే, లారీలో నలిగి మంట లేచింది. మా మరిది చెయ్యి కాలింది. ఇవి చెత్తలో వెయ్యకూడదయ్యా. రిపేరుకొట్లో ఇవ్వు."

ఆయన భార్యని చూశాడు. తిడుతుందనుకున్నాడేమో. ఆమె తిట్టలేదు. ట్యాబ్‌కి ఒక పక్క తనూ చెయ్యి వేసింది.

"ఇంటికి పదండి" అంది.

మర్నాడు ఆయన పనికి వెళ్ళలేదు. ఇనప డబ్బాలో అడుగున ఇసుక పోసి, ట్యాబ్ దాని మీద ఆనించి, మూత పెట్టకుండా, ఇద్దరూ నడిచి రిపేరుకొట్టుకి వెళ్ళారు. కొట్టు నడిపే అతన్ని అందరూ సెల్లు డాక్టరంటారు. నడివయసు మనిషి, నుదుటి మీద భూతద్దం, ఎప్పుడూ ఎవరో ఒకరిని విసుక్కుంటూ ఉంటాడు. డబ్బాలోకి చూడగానే విసుగు పోయింది.

"ఇది ఎంతకాలంగా ఛార్జింగులో ఉంది?"

"ఎప్పుడూ ఉంటుంది" అంది జిప్పులక్క.

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ అంటే ఎప్పుడూనే. ఏడాదిగా."

అతను భూతద్దం కళ్ళమీదికి దించుకున్నాడు. "ఏడాది పొడుగునా కడుపునిండా పెడితే ఇలాగే ఉబ్బుతుందమ్మా. లోపల గ్యాసు. గుచ్చకూడదు, వంచకూడదు, అదిమి మూయకూడదు."

"బ్యాటరీ తీస్తే అందులో మాటలు పోతాయా?"

"మాటలు బ్యాటరీలో ఉండవు, బోర్డులో ఉంటాయి. పోవు. కానీ అద్దం ఇప్పటికే వంగి ఉంది. పగలదని మాత్రం మాటివ్వలేను."

దాన్ని కొట్లో విప్పలేదు అతను. వెనక ఖాళీస్థలంలో సిమెంటు బల్ల ఉంది. దాని మీద పెట్టి, పక్కన పొడి ఇసుక బకెట్టు ఉంచాడు. నిండుగా ఉన్న బ్యాటరీకి కోపం ఎక్కువట. ముందు ఛార్జి తగ్గిపోవాలి. అందాకా దాన్ని వెలిగించి ఉంచాలి. వేడెక్కితే ఆ క్షణమే ఆపెయ్యాలి.

"మీరే వాడండి, తొందరగా దిగుతుంది. గట్టిగా నొక్కొద్దు, తాకీతాకనట్టు" అన్నాడు. అని, మీట నొక్కి, కొట్లోకి వెళ్ళాడు. మధ్యమధ్య వచ్చి, జ్వరం చూసినట్టు మునివేళ్ళతో దాని వీపు తాకి వెళ్తున్నాడు.

తెర వెలిగింది. గళ్ళన్నీ వచ్చాయి. గువ్వ కణుపు ఆనించి ఆనించి, కొన్ని గళ్ళ దగ్గర అద్దం నునుపెక్కి ఉంది.

చాలాసేపు ఎవరూ తాకలేదు. రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరూ బస్సుకోసం చూసేవాళ్ళలా కూర్చున్నారు. తర్వాత ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, చూపుడువేలు చాచి, ఆలోచించి, వేలు మడిచి కణుపుతో తాకాడు.

"నాన్న గురక." ట్యాబ్ పలికింది.

ఆ గొంతు యంత్రం గొంతే. అందరు పిల్లలకీ అదే గొంతు పెడతారు. అయినా జిప్పులక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వాడు, ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, తల వంచుకుని ఏడ్చాడు. పిల్లని పంపిన రోజున కూడా అలా ఏడవలేదు.

కాసేపయ్యాక, తల ఎత్తకుండానే అన్నాడు. "నీకో మాట చెప్పలేదు."

"ఏమిటి?"

"ఆ రోజు నేను లోపలికెళ్ళానా. దాని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. విడిపించుకుని, నా అరచెయ్యి తిప్పి, కణుపుతో తట్టింది. ఇక్కడ." కుడి అరచెయ్యి తెరిచి, చిటికెన వేలి కింద చూపించాడు. "మళ్ళీ మళ్ళీ తట్టింది. నా మొహం చూస్తోంది, అర్థమైందా అన్నట్టు. నాకు అర్థం కాలేదే. ఆఁ ఆఁ అన్నాను, సరే తల్లీ సరే అన్నాను. నాకు అర్థం కాలేదని దానికి తెలిసిపోయింది. చెయ్యి దింపేసుకుంది."

ఆమె కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"ఏ బొమ్మ ఎక్కడుందో నీకు తెలుసు, నాకు తెలీదు. అది పలికింది వినేవాణ్ణి అంతే, నాకు గురక ఒక్కటే తెలుసు. ఇంటికొచ్చి చూస్తే తెలుస్తుంది కదా, ఆ మూల ఏముందో. చూడలేకపోయాను. నీళ్ళే అడిగిందేమో. నీళ్ళడిగితే ఇవ్వకుండా వచ్చానేమో. దాన్ని పారేస్తే ఇక తెలుసుకోనక్కర్లేదు కదా అనిపించింది నిన్న."

ఏడాదిగా ఆయన వీపే చూస్తోంది ఆమె. ఈ మనిషికి బాధే లేదని కూడా ఒకటి రెండుసార్లు అనుకుంది. ఇప్పుడు లేచి వెళ్ళి, ఆయన పక్కన నిలబడి, ఆ అరచెయ్యి అందుకుని ట్యాబ్ పక్కన పెట్టింది. చెయ్యి చిన్నది, తెర పెద్దది. చిటికెన వేలి కింద అంటే తెరమీద ఒక గడి కాదు, ఒక మూల అంతా.

"ఈ మూల మూడున్నాయి" అంది. ఒక్కొక్కటే తాకింది.

"నీళ్ళు."

"ఇంటికి."

"అమ్మ."

ఆయన మూడూ విన్నాడు. "ఇందులో ఏది?"

ఆమెకి తెలీదు. మూడోదే అయి ఉంటుందని అనాలని నోటిదాకా వచ్చింది. అది తనకోసం అనుకునే మాట. మొదటిది కాదని అందాం అనుకుంది, ఆయన గుండె కాస్త తేలికపడుతుందని. గువ్వ ఏమనుకుందో ఊహించి చెప్పే పని ఆమె ఎప్పుడో మానేసింది, ఆ జావ గిన్నె రోజునే.

"తెలీదండీ. ఇక మనకి తెలీదు" అంది. ఆయన చెయ్యి వదలకుండానే, "మిమ్మల్ని పిలిచి చెప్పింది కదా, అదొక్కటే నిజం. మీరు పక్కనున్నారు కాబట్టే చెప్పింది" అంది.

ఆయన ఆ మూల కళ్ళు తిప్పకుండా చూస్తూ ఉన్నాడు. ఎండ గోడ దాటి బల్లమీదికి రాబోతే, సెల్లు డాక్టరు వచ్చి ట్యాబ్‌ని నీడవైపు జరిపాడు. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. "ఇక చాలు, దూరం జరగండి" అని ట్యాబ్ ఆపేశాడు. తెర నల్లబడింది.

కళ్ళద్దాలూ చేతి తొడుగులూ వేసుకున్నాడు. మామూలుగా అయితే అద్దం ఊడదీయడానికి వేడి పెడతారట. ఉబ్బినదానికి వేడి పెట్టకూడదని చెప్పి, చిన్న సిరంజితో అంచువెంట స్పిరిట్ చుక్కలు వేసి, జిగురు మెత్తబడేదాకా ఓపిక పట్టాడు. పల్చని ప్లాస్టిక్ ముక్కని సందులో కొంచెం కొంచెం నడిపి, అద్దాన్ని పుస్తకం అట్టలా తెరిచాడు. ఆ మూడు గళ్ళున్న కింది మూల టక్కుమంది. ఒక బీట, వెంట్రుకంత.

"ఆ మూల కాదు" అంది జిప్పులక్క గబుక్కున. అతనికి ఆ మాట అర్థం కాలేదు. భర్తకి అర్థమైంది.

లోపల బ్యాటరీ వెండిరంగు దిండులా ఉబ్బి ఉంది. దాని తీగని ముందు ఊడదీసి, కొసకి టేపు చుట్టాడు. అడుగున జిగురు గట్టిగా పట్టింది. లోహపు పనిముట్టు ముట్టించకూడదు. బలమైన దారం కావాలని వెతుక్కుంటూ ఉంటే, జిప్పులక్క సంచీలోంచి సూట్‌కేసులు కుట్టే నైలాన్ దారం తీసిచ్చింది. స్పిరిట్ పోసి, ఆ దారాన్ని బ్యాటరీ అడుగునుంచి అటూఇటూ రంపంలా లాగాడు. సగానికి వచ్చేసరికి ఘాటుగా, తియ్యగా, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు వాసన వచ్చింది.

"వెనక్కి! వెనక్కి వెళ్ళండి!"

అతను దారం వదిలేసి తనూ వెనక్కి జరిగాడు. ముగ్గురూ గోడవార నిలబడి చూశారు. పొగ రాలేదు. గాలి వీచి ఆ వాసన పల్చబడింది. చాలాసేపు ఆగి, దగ్గరికెళ్ళి, మళ్ళీ దారం అందుకున్నాడు. చివరి జిగురు వదలగానే బ్యాటరీని పసిగుడ్డునెత్తినట్టు అరచేతుల మీద ఎత్తి, ఇసుక బకెట్లో పెట్టి, పైన ఇసుక కప్పాడు. ఇలాంటివన్నీ పోగుచేసి, పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చి వస్తాడట.

కొత్త బ్యాటరీ అమిరింది. తెర వెలిగింది. గళ్ళన్నీ ఉన్నాయి, బీట ఒక్కటే కొత్తది.

"ఇక వైరు తగిలించి వదిలెయ్యకండి" అన్నాడు సెల్లు డాక్టరు. "రోజూ వాడితే, నిండగానే తీసెయ్యండి. వాడకపోతే సగం ఛార్జిలో ఆపేసి, చల్లటిచోట పెట్టండి. కొన్ని నెలలకోసారి తీసి చూసుకోండి. ఆపి ఉంచితేనే ఎక్కువకాలం ఉంటుంది."

"ఆపి ఉంచాలా?" అంది ఆమె.

"ఆఁ, ఆపే."

ఇంటికొచ్చాక ఆమె అర ముందు నిలబడిపోయింది. ఆపడం తనవల్ల కాలేదు. భర్త వచ్చి, ట్యాబ్ అందుకుని, మీట నొక్కి పట్టుకున్నాడు. తెర అడిగింది, ఆపనా అని. ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. తెర ఆరిపోయింది. ఆ గది అంతకుముందు ఎప్పుడూ అంత చిన్నగా కనబడలేదు ఆమెకి.

ట్యాబ్ బాగుచేయించారని తెలిసి టీచరమ్మ ఒకసారి ఫోన్ చేసింది. గువ్వలాగే మాటరాని చిన్నపిల్ల ఒకతి ఉందట, ట్యాబ్ కోసం వాళ్ళు చూస్తున్నారట. ఇస్తే బాగుంటుందని అనలేదు, ఉందని మాత్రం చెప్పింది. "ఇవ్వలేనండీ" అంది జిప్పులక్క. అన్నాక రెండ్రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు మళ్ళీ టీచరమ్మకి ఫోన్ చేసింది. "ట్యాబ్ ఇవ్వలేను. కానీ కణుపుతో తాకడం ఎలాగో ఆ పిల్లకి నేను చూపించగలను. మొదట్లో చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో మీకంటే నాకే బాగా తెలుసు" అంది.

టీచరమ్మ ఎక్కడో ఇంకో ట్యాబ్ సంపాదించింది. ఆదివారాలు ఆ పిల్ల ఇంటికి వెళ్తోంది ఇప్పుడు. భర్త వ్యానులో దింపి, బయటే కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే రాడు. ఒకరోజు తిరిగొస్తూ ఉంటే దారిలో అడిగాడు, ఆ పిల్ల ఏమైనా అందా అని.

"ఇంకా లేదు. ఒకటి తాకబోతే ఇంకోటి పలుకుతోంది" అంది జిప్పులక్క.

ఆయన తలూపి, వ్యాను గేరు మార్చాడు.